మాత్ర వేసుకునే కోస్తాను

గాజు మీద గీత ఒక్కసారే గీయాలి. అదే గీత మీద రెండోసారి కట్టరు నడిపితే దాని చక్రమూ పాడవుతుంది, గాజూ పాడవుతుంది, పక్కన నిలబడి చూసేవాళ్ళ నోళ్ళూ పాడవుతాయి. ఈ సంగతి చిన్నమాస్టరుకి ఒకరు చెప్పనక్కర్లేదు. బల్ల అందని వయసులోనే స్టూలెక్కి నిలబడి నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. ఆయన షాపుకి పెద్దమాస్టరు, కూతురు చిన్నమాస్టరు. ఆయన పోయి ఏళ్ళు గడిచినా, ఆమె జుట్టు సగం నెరిసినా, పేరులో ఆ ‘చిన్న’ మాత్రం అలాగే ఉండిపోయింది.

అలాంటి మనిషి ఒకరోజు మామూలు కిటికీ అద్దం మీద గీత గీసి, సరిగ్గా పడిందో లేదోనని అనుమానమొచ్చి, దాని మీదే మళ్ళీ గీసింది. అద్దం వంకరగా పగిలింది. అద్దం పగలడం వింతేమీ కాదు. ఒక్క అద్దమూ పగలని గాజు షాపు ఎక్కడైనా ఉందంటే అది మూతపడ్డ షాపే అయ్యుంటుంది. వింత ఏమిటంటే, ఆమె మర్నాడూ అదే పని చేసింది. ఆ తర్వాత కొలతల వంతు వచ్చింది. ఒక్కసారి కొలిచి గుర్తు పెట్టే చెయ్యి, కొలిచిందే కొలవడం మొదలుపెట్టింది. టేపు లాగినంతసేపూ నమ్మకం, చుట్టగానే అనుమానం. సాయంత్రం షట్టరు దించి తాళం వేసి, మేడ మెట్లు సగం ఎక్కాక మళ్ళీ దిగొచ్చి తాళం లాగి చూసేది.

అనుమానం ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేది. దాని వెనకాలే దిగులు వచ్చింది. పొద్దున్న మెలకువ రాగానే ఏదో చెడ్డ కబురు విన్నట్టు గుండె దడదడలాడేది, ఏ కబురో మాత్రం తెలిసేది కాదు. తిండి సయించేది కాదు. ఇష్టంగా చూసే టీవీ కార్యక్రమం ముందు కూర్చుని, అది అయిపోయి ఇంకోటి మొదలైనా తెర వైపే చూస్తుండేది. నవ్వు రాదు. ఏడుపు వచ్చినా దేనికో తెలియదు. ఒకరోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి, బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతుంటే అలాగే కూర్చుండిపోయింది, వాళ్ళమ్మ వచ్చి తలుపు బాదేదాకా.

ఇక సలహాలు మొదలయ్యాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. షాపు లెక్కా డొక్కా చూసే తమ్ముడు, “పని ఎక్కువ పెట్టుకో అక్కా, ఆలోచించే తీరిక ఉండదు” అన్నాడు. వాడి పెళ్ళాం, “పని తగ్గించుకోండి వదినా, అలిసిపోతున్నారు” అంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆ మొగుడూ పెళ్ళాలు ముందు ఒక మాట అనుకుని వచ్చుంటే బాగుండేది. అద్దాల అంచులకి సానపట్టే బాబాయి, “మంచినీళ్ళు ఎక్కువ తాగమ్మా” అన్నాడు. ఏ జబ్బుకైనా ఆయన చెప్పేది అదే. నీళ్ళు పోస్తే గానీ ఆయన సాన యంత్రం తిరగదు మరి. అమ్మ మాత్రం, “నీకేం తక్కువైందే?” అని అడిగింది. తక్కువైందేమీ లేదు. అందుకే చిన్నమాస్టరుకి దిగులు మీద సిగ్గు కూడా తోడైంది.

ఒక మధ్యాహ్నం, స్క్రూలు కొనుక్కొస్తానని చెప్పి, ఆమె స్క్రూల కొట్టు దాటి, ఆ పక్క మేడ మీదున్న మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ “ఎప్పటినుంచి?” అని అడిగింది, “ఎందుకు?” అని అడగలేదు. ఆ ఒక్కదానికే చిన్నమాస్టరుకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. డాక్టరమ్మ గ్లాసుతో నీళ్ళు ముందుకి జరిపింది.

“దీనికి పేరుంది, మందూ ఉంది” అంది తర్వాత. “పొద్దున్న ఒక మాత్ర. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు రోజుల్లో కడుపులో తిప్పొచ్చు, చెయ్యి కాస్త వణకొచ్చు. అది తగ్గుతుంది. మరీ ఇబ్బందైతే నాకు ఫోన్ చెయ్యండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఎప్పుడు తగ్గించాలో, ఎలా తగ్గించాలో ఇద్దరం కలిసి చూద్దాం.”

“మాత్ర వేసుకుంటే చాలా?”

“చాలదు. మీ వంతు పని మీకుంది. మనసు రాకపోయినా పొద్దున్నే కాసేపు నడవండి. కొలత ఒకసారి తీయండి, ఒకసారి సరిచూసుకోండి. ఇంకోసారి చూడాలనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. భయం పెరుగుతుంది. పెరగనివ్వండి. పెరిగి పెరిగి దానంతటదే దిగుతుంది. ఇంకోటి, చింతకి ఒక వేళ పెట్టుకోండి. సాయంత్రం టీ అయ్యాక ఒక కుర్చీలో కూర్చుని కాసేపు తనివితీరా చింతించండి. మిగతా వేళల్లో వస్తే, సాయంత్రం రా అని పంపించెయ్యండి.”

“సరుకు అమ్మొచ్చినవాడితో చెప్పినట్టా?”

“అచ్చం అలాగే” అంది డాక్టరమ్మ నవ్వి. చాలా రోజుల తర్వాత చిన్నమాస్టరు ఆడిన మొదటి పరాచికం అది. ఆడినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంటికి వచ్చేటప్పుడు స్క్రూలు కొనడం మర్చిపోయింది.

చింతించే వేళ సంగతి అమ్మకి తొందరగానే తెలిసిపోయింది. కూతురు సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పనీ పాటా లేకుండా గోడ వంక చూస్తూ కూర్చుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

“ఏమే, ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే ఉందమ్మా. చింతిస్తున్నాను. అయ్యాక వస్తాను.”

“అదేం వేళాకోళమే?”

“వేళాకోళం కాదు. డాక్టరమ్మ చెప్పింది.” అలా డాక్టరమ్మ సంగతీ, మాత్రల సంగతీ అన్నీ ఒక్క ఊపున బయటికొచ్చేశాయి. అమ్మ ఆ రోజుకి పొయ్యి వైపు తిరిగింది. మర్నాడు సాయంత్రం ఇంకో కుర్చీ లాక్కొచ్చి పక్కనే వేసుకుంది. “నాకూ ఉన్నాయిలే బోలెడు. విడిగా కూర్చుని చింతించడమెందుకు, దీపం దండగ” అంది. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే చింతించేవాళ్ళు. నిజం చెప్పాలంటే అమ్మ చింతలు వినేసరికి చిన్నమాస్టరు తనవి సగం మర్చిపోయేది. ఎదురింటి పిల్లి గర్భంతో ఉందా లేక ఒళ్ళు చేసిందా అన్నది కూడా అందులో ఒకటి.

తమ్ముడికి తెలిసింది మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. మాత్రలు మొదలెట్టిన కొత్తల్లో డాక్టరమ్మ చెప్పినట్టే ఆమె చెయ్యి వణికింది. స్కేలు పక్కన కట్టరు పెడుతుంటే టకటకమని చప్పుడు. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

“ఏమైంది అక్కా?”

“మాత్రల వల్లరా. తగ్గిపోతుంది.”

“ఏం మాత్రలు?” ఆమె చెప్పింది. వాడి మొహం పాలిపోయింది. “పిచ్చి మాత్రలా?” అన్నాడు గొంతు తగ్గించి.

“దిగులు మాత్రలు.”

“ఏదైతేనేం. చెయ్యి తెగితే? నరం తెగితే? అసలు నువ్వు మందుల మీద బతుకుతున్నావని వీధిలో తెలిస్తే మనకి గాజు పలక ఎవడు ఇస్తాడు కోయమని?”

“వణుకుతున్న చెయ్యి వీధికి కనిపిస్తూనే ఉందిగా. మాత్ర కనిపిస్తే కొత్తగా పోయేదేముంది?”

అన్నదే గానీ, ఆ వేళకి వాడి మాట విని కట్టరు కింద పెట్టి, వాడి కుర్చీలో కూర్చుంది. తమ్ముడు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడి మాట వినకుండా ఉండటం సులువు. వీడు చిన్నప్పుడు గాజు పెంకు గుచ్చుకుని అక్క ఏడిస్తే తానూ ఏడ్చిన రకం. ఇప్పుడూ అదే భయంతో ఆమెని బల్లకి దూరంగా పెట్టాడు. భయంతో చేసినా, పరువు కోసం చేసినా, బల్ల మాత్రం ఆమెకి దూరమైంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, తమ్ముడు తన బల్ల మీద అడ్డదిడ్డంగా కోస్తున్న చప్పుడు వింటూ పళ్ళు నూరుకుంది. దిగులుగా ఉన్నవాళ్ళకి కోపం రావడం మంచి శకునమని ఆమెకి అప్పుడు తెలియదు.

వారాలు గడిచాయి. వణుకు తగ్గింది. ఆ తర్వాత, ఇదిగో ఈ రోజే అని చెప్పడానికి లేకుండా, పొద్దుటి దడ కూడా తగ్గుతూ వచ్చింది. నడిచి వచ్చాక ఆకలి వేసేది. ఒక పొద్దున్న సరుకు దింపే లారీవాడు పలకల్ని గోడకి నిలబెట్టకుండా నేల మీద పడుకోబెట్టాడని ఆమె వాడిని ఉతికి ఆరేసింది. వాడు చెవులు మూసుకుని వెళ్ళిపోయాక, సాన బాబాయి “మన అమ్మాయి తిరిగొచ్చింది” అని యంత్రం నడిపాడు. ఆమె ఆ రోజే ఎవరినీ అడక్కుండా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. తమ్ముడు చూసి, తన కుర్చీలోకి తాను వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కానీ డాన్సు టీచరు వచ్చింది.

ఆవిడ కొత్తగా బడి పెడుతోంది. ఒక గోడంతా అద్దాలు కావాలి. మనిషి కన్నా ఎత్తైన పలకలు, ఒకదాని పక్కన ఒకటి అతుకు తెలియకుండా నిలబడాలి. మధ్యలో స్తంభం ఉంది, స్విచ్చుల పెట్టె ఉంది, వాటికి తగ్గట్టు కోతలు పెట్టాలి. అన్ని పలకలూ ఒకే రంగు వెండిపూతతో రావాలి, లేకపోతే ఒక అద్దంలో తెల్లగా, ఒక అద్దంలో పచ్చగా కనిపిస్తారు పిల్లలు. షాపుకి అంత పెద్ద పని నాన్న పోయాక మళ్ళీ రాలేదు. తమ్ముడు రెండు రోజులు ఆలోచించి, అక్క దగ్గరికి వచ్చి, చాలా ప్రేమగా ఒక మాట చెప్పాడు.

“అక్కా, ఇప్పుడు బాగున్నావు కదా?”

“బాగున్నాను.”

“మరి ఇంకా మాత్ర ఎందుకు? చూడు, కోసేటప్పుడు కట్టరుకి నూనె రాస్తాం. కోత సాఫీగా పడేదాకే ఆ నూనె. పడ్డాక గుడ్డతో తుడిచెయ్యమా? తుడవకపోతే అద్దానికి మరకే కదా. నీ మందూ అంతే. దాని పని అయిపోయింది. ఈ పెద్ద పని ముందు తుడిచెయ్.”

ఇంకెవరు చెప్పినా చిన్నమాస్టరు నవ్వి ఊరుకునేది. అమ్మ నోట సంగతి విన్న ఇంటి పక్కావిడ “ఆ మందులు అలవాటైపోతాయట” అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆమె చలించలేదు. కానీ ఇది తమ పని భాషలో చెప్పిన మాట. నాన్న రోజుకి నాలుగుసార్లు అనే మాట, “నూనె తుడవండ్రా.” గాజు పని చేసేవాళ్ళకి అంతకన్నా న్యాయంగా తోచే మాట ఇంకోటి లేదు. తనకీ లోపల ఎక్కడో ఒక ఆశ ఉంది, మందు లేకుండానే బాగుండగలనని అందరికీ చూపించాలని. డాక్టరమ్మకి ఫోన్ చెయ్యకుండా మర్నాడు మాత్ర మానేసింది.

ఒకటి రెండు రోజులు ఏమీ కాలేదు. “చూశావా?” అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. మెట్లు దిగుతుంటే కాలి కింద మెట్టు జారినట్టుండేది. అమ్మ టీ గ్లాసు చేతికిస్తే కారణం లేకుండా ఏడ్చేసింది. పొద్దుటి దడ, వెళ్ళినదారినే తిరిగొచ్చింది. ఇదంతా తన చేతగానితనమే అనుకుంది ఆమె, మందు ఒక్కసారిగా ఆపినందుకని తట్టనే లేదు. పలకలు వచ్చిన రోజున అదే స్థితిలో బల్ల దగ్గరికి వెళ్ళి, అన్నిటికన్నా పెద్ద పలక మీద స్కేలు పెట్టి, పైనుంచి కిందిదాకా గీత లాగింది. గీత బాగానే పడింది. చప్పుడు చెప్తుంది, బాగా పడితే పట్టుగుడ్డ చింపినట్టు ఒకే తీరుగా వస్తుంది. చెవి విన్నది, మనసు నమ్మలేదు. కట్టరు మళ్ళీ పైకి తీసుకెళ్ళి అదే గీత మీద లాగింది.

పలక మధ్యలోంచి పక్కకి చీలిపోయింది. సాన బాబాయి యంత్రం ఆపేశాడు.

“ఆ మందులు ఒంట్లో పేరుకుపోయి ఇలా చేస్తున్నాయి” అన్నాడు తమ్ముడు. “మానేసినా వదల్లేదు. ఇంక బల్ల ముట్టుకోకు అక్కా. కొత్త పలకలు వచ్చాక పక్క వీధి షాపుకి పంపి అక్కడ కోయిస్తాను.”

నాన్న షాపు పని పక్క వీధిలో కోయించడం. ఆమె కట్టరు డబ్బాలో పెట్టి మూత వేసింది.

మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చుని నూనె సంగతితో సహా మొత్తం చెప్పింది. తిడుతుందనుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు, కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అడిగింది. “నాకు గాజు పని తెలీదు. ఆ నూనె కోత అయ్యాక తుడుస్తారా, సగంలో తుడుస్తారా?”

“అయ్యాకే.”

“మరి కోత అయిపోయిందని మీకెవరు చెప్పారు?”

చిన్నమాస్టరు లెక్క వేసుకుంది. తమ్ముడు చెప్పాడు. ఇంటి పక్కావిడ చెప్పింది. చెప్పాల్సిన మనిషిని మాత్రం తాను అడగనే లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు, ఇక్కడ దురద ఉన్న కందని వదిలేసి కత్తిపీటలన్నీ తీర్పు చెప్పాయి. ఈ మాత్రల విషయంలో మొదటిసారి ఆమెకి తన మీద కాక వేరేవాళ్ళ మీద కోపం వచ్చింది. ఆ కోపం చాలా హాయిగా ఉంది.

మాత్ర మళ్ళీ మొదలైంది. నడక మొదలైంది. వంటింటి కిటికీ దగ్గర రెండు కుర్చీలూ మళ్ళీ వెలిశాయి. పగిలిన పలకకి జత రంగు దొరకదని మొత్తం పలకలన్నీ కొత్తగా తెప్పించాల్సి వచ్చింది, ఎందుకైనా మంచిదని తమ్ముడు ఒకటి అదనంగా కూడా చెప్పాడు. అవి తయారై వచ్చేలోగా ఆమె కుదుటపడింది. మాత్ర వేసుకుంటే బల్ల ముట్టుకోవద్దన్న తమ్ముడి మాట మాత్రం మారలేదు. చివరికి వాడే ఒక మెట్టు దిగాడు.

“మానేశానని అమ్మ ముందు ఒక్క మాట అను. బల్ల నీదే. పలకలు పక్క వీధికి పంపను.”

“మానెయ్యలేదుగా.”

“అనమంటున్నాను అక్కా. అంటే చాలు. నేనేం వచ్చి నీ నోట్లో చూస్తానా?”

ఎంత సులువైన దారో చూడండి. ఒక చిన్న అబద్ధం, ఆ తర్వాత స్నానాల గదిలో గడియ పెట్టుకుని దొంగతనంగా ఒక మాత్ర. చాలామంది అలాగే బతుకుతున్నారు, వాళ్ళని ఏమీ అనలేం. చిన్నమాస్టరుకి మాత్రం కుళాయి తిప్పుకుని ఆ గదిలో కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఆ గదిలోకి మళ్ళీ దాక్కోవడానికి పోనని అనుకుంది.

“అనను” అంది.

కొత్త పలకలు వచ్చిన మర్నాడు పొద్దున్నే పక్క వీధి షాపుకి పంపడానికి తమ్ముడు వ్యాను పిలిపించాడు. డాన్సు టీచరు కూడా వచ్చింది. ఒకసారి దెబ్బ తిన్న మనిషి, ఈసారి తన కళ్ళతో చూస్తేగానీ నమ్మనంది. చిన్నమాస్టరు మేడ దిగి వచ్చి, మాత్రల అట్ట బల్ల మీద పెట్టి, ఒకటి చిదిమి నోట్లో వేసుకుని, సాన బాబాయి సీసాలో నీళ్ళు తాగింది. బాబాయి ఎప్పటినుంచో కోరుకుంటున్నది నీళ్ళు తాగడమే కాబట్టి తృప్తిగా తలూపాడు.

“అక్కా, ఆ చివర పట్టు. వ్యానెక్కిద్దాం” అన్నాడు తమ్ముడు.

“పట్టను.”

“ఏంటి?”

“ఇంత పలకని ఒక్కడివే ఎత్తలేవు. గాజంటే వ్యానువాడు చెయ్యి వెయ్యడు. నేను పట్టను. బాబాయ్, నువ్వు పడతావా?”

సాన బాబాయి ఒక చెయ్యి నడుం మీద వేసుకున్నాడు. “నాకా, నడుం పట్టేసిందమ్మా. ఇప్పుడే.”

డాన్సు టీచరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. తమ్ముడు గబగబా ఆవిడ వైపు తిరిగాడు. “ఏం లేదండీ. మా అక్కకి మొన్న కాస్త ఒంట్లో బాగోలేదు. ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయింది. మందులు కూడా మానేసింది.”

“మానలేదండీ” అంది చిన్నమాస్టరు. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోంది, అయినా మాట ఆపలేదు. “నాకు దిగులు జబ్బు, భయం జబ్బు. మాత్ర వేసుకుంటున్నాను. ఇందాక మీ ముందు వేసుకున్నది అదే. మీ పలక మొన్న నా చేతిలోనే పగిలింది. మాత్ర వేసుకుని కాదు, మానేసి పగలగొట్టాను. ఈ గోడ నేనే కోస్తాను. మాత్ర వేసుకునే కోస్తాను. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, వ్యానెక్కించడానికి ఆ చివర నేనే పడతాను.”

డాన్సు టీచరు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నేను మోకాళ్ళకి మాత్ర వేసుకునే గెంతుతున్నాను” అంది. “ఎప్పటికవుతుందో అది చెప్పండి.”

తమ్ముడు వ్యానువాడిని పంపించేశాడు. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు.

పలక బల్ల మీదికి ఎక్కింది. ఆమె ఒకసారి కొలిచింది, ఒకసారి సరిచూసుకుంది. ఇంకోసారి చూడమని మనసు గోల పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అందరూ చూస్తున్నారు, భయం మెడ దాకా వచ్చింది. రానిచ్చింది. కాసేపటికి అది కాస్త దిగింది. పూర్తిగా పోలేదు, పోతుందని ఆమె అనుకోనూ లేదు. స్కేలు ఆనించి, పైనుంచి కిందిదాకా ఒక్క గీత లాగింది. చెవి బాగుందంది. మనసు బాగోలేదంది. ఇన్ని నెలలుగా మనసు చెప్పిన అబద్ధాలు విన్నది చాలని, ఆమె కట్టరు పక్కన పెట్టేసి, పలకని బల్ల అంచుకి జరిపి, రెండు చేతులతో నొక్కింది. పలక గీత మీదుగా చక్కగా విడిపోయింది.

రెండోదీ అలాగే వచ్చింది. స్తంభం దగ్గరిది, ఒంపు కోత పెట్టాల్సింది, అది కూడా వచ్చింది. తమ్ముడి మొహంలో గంటు విడింది. డాన్సు టీచరు టీ తాగుతూ, బాబాయి సాన పట్టిన అంచుని వేలితో తడిమి మెచ్చుకుంది. స్విచ్చుల పెట్టె దగ్గరి పలక చివర్న మిగిలింది. దానికి లోపలి మూల కోత ఉంది, అంటే అంచులోంచి పెట్టె కొలతకి ఒక చదరపు ముక్క తీసెయ్యాలి. మూల కోత అంటే ఎంతటి మాస్టరుకైనా కాస్త గుండె జారుతుంది.

గీత ఒక్కసారే గీసింది. బాగానే పడింది. నొక్కింది. మూల దగ్గర పలక టప్పున చీలి, చీలిక అవతలి అంచుదాకా పోయింది.

అందరి చూపులూ బల్ల మీదున్న మాత్రల అట్ట మీదికి వెళ్ళి, అక్కడ్నుంచి ఆమె మొహం మీదికి వచ్చాయి. ఆమెకి తెలుసు, ఏం అడగబోతున్నారో. మేడెక్కి, స్నానాల గదిలో గడియ పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో ఒక్క క్షణం అనిపించింది.

ఆమె చీపురు తీసుకుంది. బల్ల కింద పెంకులు ఊడ్చి, డబ్బాలో పోసి, చేతి తొడుగులు సరిచేసుకుంది.

“ఎవరూ ఏమీ అనకముందే నేనే చెప్తున్నాను” అంది. “రేపు పొద్దున్న కూడా మాత్ర వేసుకుంటాను. ఇవాళ అన్నీ బాగా వచ్చుంటే ఎలా వేసుకునేదాన్నో, అలాగే వేసుకుంటాను. పలక పగిలినా వేసుకుంటాను, పగలకపోయినా వేసుకుంటాను. ఎల్లుండీ ఇక్కడికే వస్తాను, ఇదే బల్ల దగ్గరికి. మన దగ్గర ఇంకో పలక ఉంది.”

తమ్ముడు పగిలిన పలక దగ్గరికి వచ్చాడు. మూల కోత దగ్గర వంగి, చీలిక ఎక్కడ మొదలైందో వేలితో చూసుకున్నాడు. తర్వాత డాన్సు టీచరు వైపు తిరిగాడు.

“మూల కోతండీ. పగులుతాయి. నాన్న దగ్గరా పగిలేవి” అన్నాడు. గోడకి ఆనించి ఉన్న అదనపు పలక దగ్గరికి నడిచి, తొడుగులు వేసుకుని, దాని ఒక చివర పట్టుకుని నిలబడ్డాడు. చిన్నమాస్టరు వెళ్ళి రెండో చివర పట్టుకుంది.

“ఏంరా, మాత్ర మానమని అడగవేం?”

“అడిగితే మానేస్తావా?”

“మానను.”

“మరి ఊరికే నోరు నొప్పి. ఎత్తక్కా, బరువుగా ఉంది.”